ఇరవై నాలుగు లీవర్ల కేబిన్: ప్రాజెక్టు డైరీ

జూన్ 8

మేడ మీది గదిలో బల్ల ఖాళీ చేసి ఈ రోజు మొదటి గీత గీశాను. కట్టబోయేది పాత రైల్వే సిగ్నల్ కేబిన్ బొమ్మ. కొలత అడుగుకు ఏడు మిల్లీమీటర్లు, అంటే అసలు కట్టడంలో 43.5వ వంతు. ఈ లెక్కన ఆరడుగుల మనిషి 42 మిల్లీమీటర్లు ఉంటాడు. లీవరు పిడి రెండు వేళ్ల మధ్య పట్టుకుని లాగడానికి వీలుగా ఉంటుంది. అంతకన్నా చిన్న కొలతలో నేను అనుకున్న పని జరగదు.

స్టేషను చివర, పట్టాల పక్కన, పై అంతస్తులో మూడు వైపులా కిటికీలతో కనిపించే ఆ చిన్న మేడను రైల్వే వాళ్లు కేబిన్ అనే పిలుస్తారు. రైలును ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించే పాయింట్లు, సిగ్నళ్లు అక్కడి నుంచే ఇనుప లీవర్లతో కదిలేవి. ఇప్పుడు చాలా స్టేషన్లలో ఆ పని స్టేషను మాస్టరు గదిలోని ప్యానెల్, కంప్యూటర్ తెర చేస్తున్నాయి. పాత కేబిన్లలో కొన్నింటికి తాళాలు పడ్డాయి, కొన్ని నేలమట్టమయ్యాయి. మా నాన్న ఇరవై ఆరేళ్లు అటువంటి కేబిన్లలో లీవర్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఈ బొమ్మ ఏ ఒక్క స్టేషనుకూ నకలు కాదు. రాతి గోడ ఒకచోట చూసినది, కిటికీలు మరోచోట చూసినవి. లీవర్ల అమరిక మాత్రం నాన్న జ్ఞాపకంలోనిది.

ఇల్లు కట్టే పద్ధతిలోనే గోడల కొలతలు ముందు రాసుకున్నాను. నాన్న ఆ కాగితం చూసి "లీవర్లు ఎన్ని?" అని అడిగారు. ఇంకా అనుకోలేదన్నాను. "లీవర్ల లెక్క తేలకుండా గది పొడవు ఎలా తేల్చావమ్మా?" అన్నారు. కాగితం తిరగేసి మళ్లీ మొదలుపెట్టాను. నిజమే, లీవర్ల వరుస ఎంత ఉంటే గది అంత పొడవు. లీవర్లకు ఒకదానితో ఒకటి ముడివేసే ఇంటర్‌లాకింగ్ వాటి కిందనే ఉండాలి, అందుకని కింద ఒక గది. అలా మనిషి పైకి చేరాడు, నిలబడిన వ్యాగన్ల మీదుగా అవతలి లైను కూడా అతనికి కనిపించింది. మూడు వైపులా కిటికీలు అందుకే. కాబట్టి ఈ కేబిన్ లోపలి నుంచి బయటికి పెరగాలి.

నాన్న చెప్పిన లెక్క: ఐదు అంగుళాలకు ఒక లీవరు, మొత్తం ఇరవై నాలుగు. పది అడుగులు, అంటే నా కొలతలో 70 మిల్లీమీటర్లు. మనిషి తిరగడానికి రెండు కొసల్లోనూ మూడేసి అడుగులు వదిలితే లోపలి పొడవు 112. అడుగున రాతి గోడ మందం ఒకటిన్నర అడుగు, కనుక బయటి పొడవు 133 మిల్లీమీటర్లు. పై గది నేల రైలు పట్టా కన్నా తొమ్మిది అడుగుల ఎత్తున, 63 మిల్లీమీటర్లకు వస్తుంది.

జూన్ 15

ఇత్తడి పట్టీ నుంచి ఇరవై నాలుగు ముక్కలు కోశాను. నేల పైన కనిపించే భాగం నాలుగు అడుగులు, అంటే 28 మిల్లీమీటర్లు. ఒక్కో లీవరు వెనక పట్టు విడిపించే చిన్న పిడి కూడా ఉండాలి. లీవర్‌మన్ రెండూ కలిపి అరచేతిలో నొక్కితేనే లీవరు తన గాడి నుంచి వదులుతుంది. దానికి 0.3 మిల్లీమీటర్ల రాగి తీగ వంచి టంకం వేశాను. మొదటి లీవరుకు నలభై నిమిషాలు పట్టింది. తీగ జారిపోతోంది, టంకం ముద్ద కడుతోంది. టేకు ముక్కలో లీవరుకు ఒక గాడి, తీగకు ఒక గాడి తవ్వి అచ్చు తయారు చేసుకున్నాక ఒక్కొక్కటి ఐదారు నిమిషాల్లో పూర్తయింది. ఇరవై నాలుగూ ఒకే తీరుగా రావడానికి కూడా ఆ అచ్చే కారణం. ఇటువంటి పనికి దిగేవాళ్లు మొదటి గంట అచ్చుకు ఇస్తే, మిగిలిన రోజు వాళ్లదే అవుతుంది.

మిగిలిన టంకాన్ని ఆకురాయితో రుద్ది, ఉప్పు కాగితంతో నునుపు చేశాను.

జూన్ 22

లీవర్ల రంగులు. ఇక్కడ నా ఇష్టం ఏమీ లేదు, ప్రతి రంగూ ఒక మాట. రైలును ఆపే సిగ్నలుది ఎరుపు. పాయింట్లది నలుపు. పాయింట్లకు తాళం వేసే లీవరుది నీలం. గేటు తాళానిది గోధుమ రంగు. ఏ పనీ అప్పగించని లీవరుది తెలుపు. కొత్త మనిషి డ్యూటీలోకి వచ్చినా వరుస చూడగానే ఏది దేనికో పట్టుకోగలడు.

ముందు బూడిద రంగు ప్రైమర్, ఆరాక అసలు రంగు పలుచగా మూడు పూతలు. మందంగా ఒక్క పూత వేస్తే ఇంత సన్నటి పట్టీకి అంచుల దగ్గర రంగు ఉబ్బుతుంది. పిడి వైపు ఎనిమిది మిల్లీమీటర్లకు ముందే టేపు చుట్టాను, అక్కడ రంగు ఉండకూడదు. అసలు కేబిన్లో లీవరు పై భాగం వట్టి ఉక్కు, అద్దంలా మెరుస్తుంది. చేతి చెమటకు తుప్పు పట్టకుండా నాన్న ఎప్పుడూ గుడ్డ మడత పట్టుకునే లీవరు ముట్టుకునేవారు. చిన్నప్పుడు నేను వట్టి చేత్తో పట్టుకుంటే ఆ గుడ్డతోనే వెంటనే తుడిచేవారు. నాకు గుర్తున్న మొదటి మందలింపు అదే.

ఇత్తడి పచ్చదనం ఉక్కులా కనబడదు కాబట్టి, టేపు తీశాక పిడులకు టంకం పలుచగా పూసి తుడిచాను. ఇప్పుడు తెల్లటి మెరుపు వచ్చింది. రంగు వేసి ఉంటే ఈ మెరుపు వచ్చేది కాదు.

జూలై 6

ఈ ప్రాజెక్టుకు గుండెకాయ ఇదే. రెండు వారాలు పట్టింది.

ఇరవై నాలుగింటిలో మూడు లీవర్లు నిజంగా పనిచేయాలని మొదటి నుంచీ నా పట్టుదల. 5వది ఎరుపు, మెయిన్ లైను హోమ్ సిగ్నల్, అంటే రైలును స్టేషనులోకి రానిచ్చేది. 8వది నీలం, పాయింట్ల తాళం. 11వది నలుపు, మెయిన్ నుంచి లూపుకు, అంటే పక్క లైనుకు, దారి మార్చే పాయింట్లు. మధ్యలో రెండేసి లీవర్లు కదలకుండా వదిలేశాను, కింద పనికి చోటు దొరకాలని. ఇంటర్‌లాకింగ్ అంటే మంత్రం ఏమీ లేదు. ప్రమాదమైన కలయికలో లీవర్లు లాగబోతే ఇనుమే అడ్డు పడుతుంది. 1856లో ఇంగ్లండులో జాన్ సాక్స్‌బీ పాయింట్లను, సిగ్నళ్లను కలిపి నడిపే ఏర్పాటుకు పేటెంటు తీసుకున్నాడు. ఆయన వడ్రంగి పని నేర్చినవాడు. గాడి తీసి మరో ముక్కను అందులో ఇమిడ్చే ఆలోచన వడ్రంగి చేతికి సహజంగానే తోచి ఉంటుందని, ఈ పట్టీలు కోస్తూ నాకు బాగా అనిపించింది.

ఈ మూడు లీవర్ల కిందా ఒక్కో ఇత్తడి పట్టీ నిలువుగా జారుతుంది. దాన్ని టాపెట్ అంటారు. నా టాపెట్ల వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు, కదలిక ఎనిమిది. రెండు టాపెట్ల మధ్య ఖాళీ 4.75. ఆ ఖాళీలో అడ్డంగా జరిగే చిన్న ఇత్తడి ముక్కను డాగ్ అంటారు. దాని పొడవు 6.25 మిల్లీమీటర్లు, అంటే ఖాళీ కన్నా ఒకటిన్నర ఎక్కువ. కాబట్టి అది ఎప్పుడూ ఏదో ఒక టాపెట్ గాడిలోకి దూరి ఉండక తప్పదు. గాళ్ల అంచులు ఏటవాలుగా ఉంటాయి, టాపెట్ కదిలితే డాగ్‌ను పక్కకు నెడతాయి. పక్క టాపెట్‌లో ఎదురుగా గాడి ఉంటే డాగ్ అందులోకి వెళ్తుంది. లేకపోతే రెండూ బిగిసిపోతాయి.

8కి, 11కి మధ్య డాగ్ ఒకటి. 11వ టాపెట్‌కు దాని ఎదుట రెండు గాళ్లు, ఎనిమిది మిల్లీమీటర్ల దూరంలో. పాయింట్లు మెయిన్‌కు ఉన్నప్పుడు ఒకటి, లూపుకు ఉన్నప్పుడు మరొకటి డాగ్ ఎదుట నిలుస్తుంది. 8 లాగితే డాగ్ ఆ గాడిలోకి దూరి పాయింట్లను ఉన్నచోటే పట్టేస్తుంది. 11వ లీవరు సగంలో ఆగి ఉంటే ఏ గాడీ ఎదురుగా ఉండదు, 8 కదలనే కదలదు. సగం వేసిన పాయింట్లకు తాళం పడదన్నమాట. 5కి, 8కి మధ్య రెండో డాగ్. 8 లాగి ఉంటేనే 8వ టాపెట్ గాడి దాని ఎదుటికి వస్తుంది. తాళం పడకుండా సిగ్నల్ దిగదు, అంటే రైలును రమ్మనదు. సిగ్నల్ దిగాక తాళం తీయడం కుదరదు.

సన్నటి మూడంచుల ఆకురాయితో గాళ్లు తీశాను. లోతు 1.5 మిల్లీమీటర్లు రావాలి. ఒకటి 1.7 అయింది, డాగ్ లోపలికి ఎక్కువ జారి పట్టు వదిలేసింది. ఆ పట్టీని పక్కన పడేసి మళ్లీ కోశాను. ఈ పనిలో లప్పం పెట్టి సరిదిద్దుకోవడం ఉండదు.

రాత్రి పదిన్నరకు మూడు లీవర్లూ అనుకున్న వరుసలోనే కదిలాయి. 5 ముందు లాగితే కదల్లేదు. 8 లాగాక కదిలింది. ఆ ఆనందంలో కాసేపు వాటినే కదుపుతూ కూర్చున్నాను.

జూలై 12

నాన్నను పైకి తీసుకొచ్చి చూపించాను. కళ్లద్దాలు సరిచేసుకుని ముందు 5 మీద వేలు పెట్టారు, కదల్లేదు. తల ఊపారు. 11ను సగం లాగి 8 ప్రయత్నించారు, కదల్లేదు. "ఇది మంచి పని" అన్నారు. తరువాత 11 పూర్తిగా లాగారు. 8 లాగారు. 5 మీద వేలు పెట్టి మెల్లగా లాగారు. అది హాయిగా దిగింది.

ఆయన మాట్లాడలేదు. నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను. మళ్లీ మూడూ వెనక్కి వేసి, మళ్లీ అదే వరుసలో లాగి చూపించారు. "లూపుకు దారి వేసి మెయిన్ సిగ్నల్ ఇచ్చావమ్మా" అన్నారు.

అప్పుడు అర్థమైంది. మెయిన్ హోమ్ దిగితే డ్రైవరు నేరుగా పోయే దారి ఉందనుకుని వేగంగా వస్తాడు. పాయింట్లు లూపుకు తిరిగి ఉన్నాయి. అటువంటి పాయింట్ల మీదుగా లూపులోకి గంటకు 15 కిలోమీటర్లకు మించి వెళ్లకూడని రోజులవి. తాళం పడిందా లేదా అన్నదొక్కటే నా ఇంటర్‌లాకింగ్ చూసింది, దారి ఎటు ఉందో చూడలేదు. తప్పు ఆకురాయిది కాదు, నేను ఆలోచించిన తీరుది. నాన్న ముఖంలో చిన్న బొమ్మను చూస్తున్న తేలికదనం కనిపించలేదు. డ్యూటీలో ఉన్నప్పటి ముఖం అది.

జూలై 20

5 లాగాలంటే 11 మెయిన్‌కే ఉండాలి. అంటే 5వ టాపెట్ నుంచి 11వ టాపెట్ దాకా ఒక డాగ్ వెళ్లాలి. మధ్యలో 8వ టాపెట్ అడ్డంగా ఉంది. అసలు ఫ్రేముల్లో ఇలాంటి చోట రెండు డాగ్‌లను పొడవాటి బద్దీతో కలిపి, ఆ బద్దీని మధ్య టాపెట్ల మీదుగా దాటిస్తారు. నేనూ అలాగే అర మిల్లీమీటరు మందం పట్టీ కొసలకు రెండు డాగ్‌లు టంకం వేశాను. ఒక కొస నుంచి మరో కొసకు 15 మిల్లీమీటర్లు. 11వ టాపెట్‌లో దీనికి ఒకే గాడి, పాయింట్లు మెయిన్‌కు ఉన్నప్పుడు ఎదుటికి వచ్చేలా. దీన్ని పాత డాగ్‌ల కన్నా 20 మిల్లీమీటర్లు కిందికి పెట్టాను. కదలిక ఎనిమిదే కాబట్టి ఒకదాని గాడి మరోదాని ఎదుటికి ఎప్పుడూ రాదు.

నాన్న మళ్లీ వచ్చారు. 11, 8 లాగి 5 పట్టుకున్నారు. రాలేదు. గట్టిగా లాగి చూశారు. రాలేదు. అన్నీ వెనక్కి వేసి 8, 5 లాగారు. వచ్చాయి. 5 దిగి ఉండగా 11 లాగబోయారు, కదల్లేదు. ఉన్నది మూడు లీవర్లే అయినా ఏయే కలయికలు కుదురుతాయో, ఏవి కుదరవో కాగితం మీద రాసి ఒక్కోదానికీ టిక్కు పెట్టారు. కేబిన్లో కొత్త లాకింగ్ వేసినప్పుడు సిగ్నల్ ఇన్‌స్పెక్టరు పట్టిక పట్టుకుని ప్రతి లీవరూ లాగించి చూసేవారట. 1957లో సికింద్రాబాద్‌లో మొదలైన ఇరిసెట్, సిగ్నల్ ఇంజినీర్లకు ఈ విద్య నేర్పే సంస్థ, మా ఇంటికి అంత దూరమేమీ కాదు. ఈ రోజు నా పాఠం మాత్రం ఈ బల్ల దగ్గరే జరిగింది. ఆ కాగితాన్ని దాచి ఉంచాను.

జూలై 27

కింది గది గోడలు. ఐదు మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డు రెండు పొరలు. రిఫిల్ అయిపోయిన బాల్ పెన్నుతో రాళ్ల సందులు నొక్కాను. దక్కన్ రాతి కట్టడంలో మూల రాళ్లు పెద్దవిగా, చెక్కినవిగా ఉంటాయి. మధ్యలో రాళ్లు చిన్నాపెద్దా. వరుసలు మాత్రం ఇంచుమించు సమంగా సాగుతాయి. అన్ని రాళ్లూ ఒకే కొలతలో గీస్తే బాత్రూమ్ పలకల్లా కనిపిస్తాయి. ముందు వైపు అడుగున కడ్డీలు, తీగలు బయటికి వచ్చే పొడవాటి సందు వదిలాను. వెనక గోడను ఇంకా అతికించలేదు.

ఆగస్టు 10

పై గది ఇటుక గోడలు మౌంట్ బోర్డుతో చేశాను. తొమ్మిది అంగుళాల ఇటుక ఇక్కడ 5.25 మిల్లీమీటర్లు, మూడు అంగుళాల మందం 1.75. వరుసలు గీయడానికి రెండు సాయంత్రాలు. నిన్న ముందు వైపు రంగు పూత వేసి పడుకున్నాను. పొద్దున చూస్తే గోడ చేటలా వంగిపోయింది. బయట ముసురు, గాలిలో తేమ, దానికి తోడు ఒక్క వైపే నీళ్ల రంగు తాగిన అట్ట. బరువు పెట్టి సరిచేయబోతే మధ్యలో చీలింది.

కొత్తగా కోసి, ఈసారి గీతలు గీయకముందే రెండు వైపులా, అంచులకు కూడా లక్క పాలిష్ పట్టించాను. లోపల వెనక వైపు అడ్డంగా చెక్క బద్దలు అతికించాను. రంగు కూడా ఇరువైపులా ఒకే పూటలో వేశాను. వానాకాలంలో అట్టతో పనిచేసే వాళ్లెవరైనా లక్క పాలిష్ సీసా పక్కన లేకుండా మొదలుపెట్టవద్దు.

ఆగస్టు 17

రాతి గోడకు రంగు వేసిన రోజు. ఈ ప్రాజెక్టులో నేను చాలాసేపు ఇష్టంగా చేసిన పని ఇదే.

మా ప్రాంతపు రాయి వట్టి బూడిద రంగు కాదు. ఎండలో చూస్తే గులాబీ ఛాయ, తేనె ఛాయ, అక్కడక్కడ నల్లటి చుక్కలు కనిపిస్తాయి. మొత్తానికి మధ్యరకం బూడిద పూత వేసి, ఆరాక రాళ్లలో మూడో వంతుకు గులాబీ కలిపిన బూడిద, కొన్నింటికి పసుపు మట్టి కలిపిన బూడిద విడివిడిగా అద్దాను. పక్కపక్క రాళ్లు ఒకే ఛాయలో రాకుండా చూసుకున్నాను. తరువాత నలుపు, గోధుమ రంగులు నీళ్లలో బాగా పలుచన చేసి గోడంతా పారించాను, సందుల్లో నిలిచిపోయింది. ఆ సందులు నల్లగా ఉండకూడదు కదా, అక్కడ ఉండేది సున్నం కదా అని మరునాడు తెల్ల సుద్ద పొడిని వేలితో రుద్ది, పైన ఉన్నది తడి గుడ్డతో తుడిచాను. సందుల్లో మురికి తెలుపు మిగిలింది. చివరగా కుంచెలో రంగు దాదాపు అంతా కాగితానికి తుడిచేసి, ఆ పొడి కుంచెతో రాళ్ల అంచులను తాకీ తాకనట్టు తాకాను. రాయికి ఒక్కసారిగా ఎత్తుపల్లాలు వచ్చాయి.

కడ్డీలు బయటికి వచ్చే సందు చుట్టూ నూనె మరక పెట్టాను. కందెన వేసిన చోట దుమ్ము అంటుకుని నల్లటి జిడ్డు పేరుకుంటుంది. పట్టాల వైపు గోడ అడుగు భాగానికి తుప్పు రంగు పొడి. బ్రేకు దిమ్మల ఇనుప దుమ్ము అక్కడే పడుతుంది. అవతలి వైపు గోడకు అది వేయలేదు. మురికి కూడా కారణం లేకుండా ఎక్కడా ఉండదు.

పై గదికి లేత పసుపు సున్నం, చెక్క కిటికీలకు ముదురు ఆకుపచ్చ. సున్నం రంగు స్పాంజితో అద్దాను. కుంచె గీతలు ఈ కొలతలో తాడు మందాన కనిపిస్తాయి.

ఆగస్టు 31

కిటికీలకు పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు, ఫ్రేములకు అర మిల్లీమీటరు బద్దీలు. రెండు రెక్కలు పక్కకు జరిపి తెరిచినట్టు పెట్టాను. మూసిన కిటికీలతో కేబిన్ నాకు ఊహకు అందదు.

కప్పు మంగళూరు పెంకులు. బిస్కట్ల డబ్బాలో వచ్చే సన్న గీతల అట్టను ఏడు మిల్లీమీటర్ల బద్దీలుగా కోసి, చూరు నుంచి పైకి ఒకదానిపై ఒకటి వరుసలు పేర్చాను. జాజు, ఇటుక ఎరుపు, కాలిన గోధుమ మూడు ఛాయలు కలిపి వేశాను. ఎండ తక్కువ తగిలే వాలుకు కొద్దిగా నాచు నలుపు. మధ్యలో రెండు పెంకులు కొత్త ఎరుపు, కోతులు పగలగొట్టాక మార్చినవి.

సెప్టెంబరు 7

హోమ్ సిగ్నల్. స్తంభం 25 అడుగులు, 175 మిల్లీమీటర్లు. చేయి ముందు వైపు ఎరుపు, కొస దగ్గర తెల్ల పట్టీ. వెనక తెలుపు, నల్ల పట్టీ. అడ్డంగా ఉంటే ఆగమని, కిందికి వాలితే రమ్మని.

రాత్రి కోసం రెండు గాజు కళ్లు ఉంటాయి. ఎరుపు సరే. రెండోదానికి పచ్చ రంగు వేయబోతుంటే నాన్న ఆపారు. అది నీలం వైపు మొగ్గిన గాజట. కిరోసిన్ దీపం మంట పసుపు, ఆ పసుపు నీలి గాజులోంచి వస్తే దూరానికి పచ్చగా కనబడుతుంది. గాజునే పచ్చగా చేస్తే దీపం పసుపు కలిసి వెలుగు పాలిపోతుంది. నీలంలో కొంచెం ఆకుపచ్చ కలిపి, పారదర్శకమైన వార్నిష్‌లో కరిగించి రెండు చుక్కలు వేశాను.

చేతికి బరువు కూడా పెట్టాలి. తీగ తెగిపోతే చేయి తనంతట తాను అడ్డంగా లేవాలి, ఆ పని ఈ బరువుదే. చేపలు పట్టే గాలానికి కట్టే సీసపు గుండు చిన్నది దొరికింది. 5వ లీవరు నుంచి బూడిద రంగు నైలాన్ దారం కప్పీల మీదుగా స్తంభానికి. లాగాను, వాలింది. దారాన్ని కత్తెరతో తెంపాను, టక్కున లేచింది. మళ్లీ కొత్త దారం కట్టడానికి అరగంట పట్టినా, తెంపి చూడకుండా ఉండలేకపోయాను.

సెప్టెంబరు 14

పట్టాల పని త్వరగా అయింది. బజారులో దొరికే ఈ కొలత మోడల్ పట్టాల వెడల్పు 32 మిల్లీమీటర్లు, 1435 మిల్లీమీటర్ల విదేశీ గేజికి తగినది. మన బ్రాడ్ గేజి 1676 కాబట్టి నాకు 38.5 కావాలి. ఐస్ పుల్లలు కోసి స్లీపర్లు చేసి, పట్టా కమ్మీలను విడిగా పరిచాను.

పాయింట్ల కడ్డీకి 0.8 మిల్లీమీటర్ల తీగ. అసలు కడ్డీ మందం 33 మిల్లీమీటర్లు. రెండేసి మీటర్లకు ఒక రోలరు దాన్ని మోస్తుంది, ఇక్కడ 46 మిల్లీమీటర్లకు ఒకటి. కడ్డీ దారి మధ్యలో కాంపెన్సేటర్ ఉండాలి. మే నెల ఎండకు ఇనుము సాగుతుంది. కడ్డీ ఏకంగా ఉంటే లీవరు కదపకుండానే పాయింటు కొస కదిలిపోతుంది. కాంపెన్సేటర్ దగ్గర కడ్డీ దిశ తిరుగుతుంది. ఒక సగం నెడితే రెండో సగం లాగుతుంది. ఇరువైపులా పొడవు సమానమైతే సాగినంతా ఒకదానికొకటి కొట్టివేసుకుంటుంది. నా కడ్డీ మొత్తం 40 సెంటీమీటర్లు, దానికి ఎండ లెక్కలోకి రాదు. అయినా సరిగ్గా 20 దగ్గర పెట్టాను.

సెప్టెంబరు 21

లోపలి సామాను. లీవర్ల పైన అల్మరా, దాని మీద స్టేషను లైన్ల పటం. నేల చెక్కలకు నూనె రంగు, లీవర్‌మన్ నిలబడే వరుస వెంట అరిగిన లేత ఛాయ. బయట మెట్ల కింద ఎర్ర ఇసుక బకెట్లు రెండు. కప్పు కింద ఒక చిన్న పసుపు ఎల్ఈడీ, తొమ్మిది వోల్టుల బ్యాటరీకి వెయ్యి ఓముల రెసిస్టరు. ఎక్కువ వెలుగు అక్కర లేదు, రాత్రి పూట లోపల ఎక్కువ వెలుగుంటే బయట కనబడదు.

ఒక్కో లీవరుకు నంబరు పలక అతికించాను. 5వ దాని మీద కింద చిన్నగా 8 అని రాశాను. 5 లాగే ముందు 8 లాగి ఉండాలని అర్థం. ఒక మిల్లీమీటరు అంకె, మూడు వెంట్రుకల కుంచె, ఊపిరి బిగబట్టి.

వెనక గోడను అతికించాలా వద్దా అన్న ప్రశ్న జూలై నుంచీ ఉంది. అతికిస్తే గోడ అందంగా ఉంటుంది, కానీ టాపెట్లు ఇక ఎవరికీ కనబడవు. దుమ్ము పడితే తుడవడానికీ వీలుండదు. నాన్న ఒక్కటే అడిగారు, "లాకింగ్ గదికి తలుపు లేకపోతే మెయింటెయినరు ఎటు నుంచి వెళ్తాడు?" గోడ మూలల్లో రెండు చిన్న అయస్కాంతాలు పెట్టాను. ఇప్పుడు గోరు పెట్టి లాగితే ఊడి వస్తుంది, దగ్గర పెడితే అతుక్కుంటుంది.

సాయంత్రం నాన్న జేబు రుమాలు మడిచి వేలి కొసకు చుట్టుకుని 8 లాగారు, 5 లాగారు. చేయి వాలింది. కాసేపు చూసి 5 వేశారు, 8 వేశారు. పిడులు రుమాలుతో తుడిచారు. నేను టాపెట్లకు కుట్టు మిషను నూనె ఒక్కో చుక్క వేసి, వెనక గోడ మూశాను.